ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాన్యువల్ టెస్టింగే (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపి తప్పులు పట్టడం) చేస్తున్నాను. ఏఐ వచ్చాక మా టీమ్‌లో మనుషుల్ని తగ్గిస్తున్నారు. ఉద్యోగం మానేసి పూర్తిగా కొత్త కోర్సు చేయాలా, లేక ఉన్నదాన్నే పట్టుకుని ఉండాలా?

ఇదీ మీరడిగిన ప్రశ్న. నన్నడిగితే రెండూ వద్దంటాను. నేను చేసే పని నా కళ్ల ముందే మార్కెట్లో లేకుండా పోయింది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నేను ఫ్లాష్ డెవలపర్‌ని. ఫ్లాష్ అంటే వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, ఆటలు నడిపిన అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్. కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే ట్రైనింగ్ కోర్సులు ఫ్లాష్‌లో చేసేవాణ్ణి. బొమ్మలు కదులుతూ, మధ్యమధ్యలో ప్రశ్నలు అడుగుతూ ఉండే రకం. 2007లో ఐఫోన్ ఫ్లాష్ లేకుండానే వచ్చింది. తమ ఫోన్లలో ఫ్లాష్ ఎందుకు పెట్టడం లేదో వివరిస్తూ 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు. మొబైల్ బ్రౌజర్లకు ఫ్లాష్ ప్లేయర్ అభివృద్ధి ఆపేస్తున్నామని 2011 నవంబరులో అడోబీయే చెప్పింది. 2020 చివరితో మొత్తం ఆపేస్తామని 2017 జులైలో ప్రకటించింది, అన్నట్టే ఆపేసింది. లెక్క చూడండి, ఐఫోన్ వచ్చినప్పటి నుంచి పదమూడేళ్లు పట్టింది.

అంత నెమ్మదిగా జరగడమే దీనిలో చిక్కు. ముందు ఆగేది కొత్త పని. పాత పని చాలాకాలం నడుస్తూనే ఉంటుంది, జీతం నెలనెలా పడుతూనే ఉంటుంది, దాంతో ఏమీ మారలేదనిపిస్తుంది. అందుకే నేను వార్తలకంటే ఒక్క విషయాన్నే ఎక్కువగా గమనించేవాణ్ణి: మా కంపెనీలో కొత్తగా మొదలయ్యే ప్రాజెక్టులకు ఎవరిని తీసుకుంటున్నారు? అందులో ఫ్లాష్ అన్న మాట కనిపించడం మానేసిన రోజునుంచే మా పనికి కాలం చెల్లింది. అధికారిక ప్రకటన ఆ తర్వాతెప్పుడో వచ్చింది. మీరూ మీ దగ్గర అదే చూడండి. ఎంతమందిని తీసేశారన్నది ఒక్కటే చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. కొత్త ప్రాజెక్టులో టెస్టింగ్‌కి ఎవరిని, ఏ పని వస్తే తీసుకుంటున్నారో చూస్తే దారి తెలుస్తుంది.

ఇక నాకు మిగిలిందేమిటో చెబుతాను. ఫ్లాష్‌లో కోడ్ రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్. అదీ, వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్టూ ఒకే ఈసీఎంఏస్క్రిప్ట్ ప్రమాణం మీద నడిచేవే కాబట్టి భాష మారడం అంత కష్టం కాలేదు. ఆ కోర్సు ఎవరు పూర్తి చేశారు, ఎన్ని మార్కులు వచ్చాయి అనేది ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్‌కి పంపే పద్ధతిని స్కార్మ్ అంటారు. ఫ్లాష్ పోయి, బ్రౌజర్‌లో నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5 వచ్చినా స్కార్మ్ అలాగే ఉంది. అది తెలిసినవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. ఇవి రెండూ కాక ఇంకొకటి ఉంది. నన్ను నిలబెట్టింది అదే. సబ్జెక్ట్ తెలిసిన పెద్దాయన గుట్టలకొద్దీ స్లైడ్లు మన ముందు పడేస్తాడు. ఆయన పక్కన కూర్చుని, "ఇది చదివినవాడు రేపు పనిలో ఏం చేయగలగాలి?" అని ఒకటికి పదిసార్లు అడిగి, ముఖ్యమైన నాలుగు ముక్కలు బయటికి లాగాలి. నా రెజ్యూమెలో ఆ పని గురించి ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు. కానీ తర్వాత వచ్చిన ఉద్యోగం దాన్ని బట్టే ఇచ్చారు.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది కోర్సు వెతకడం కాదు. రెండు వారాలపాటు రోజూ సాయంత్రం ఆ రోజు ఏమేం చేశారో రాయండి. "టెస్టింగ్ చేశాను" అని కాదు, విడివిడిగా. టెస్ట్ కేసులు రాయడం, అదే రిగ్రెషన్ (కొత్త మార్పు వల్ల పాతవేవీ చెడలేదు కదా అని చూసే టెస్టులు) మళ్లీ మళ్లీ నడపడం, స్క్రీన్‌షాట్లతో బగ్ నమోదు చేయడం... వీటిలో చాలా భాగం యంత్రానికి వెళ్తుంది, మొహమాటం లేకుండా ఒప్పుకుందాం. అయితే రిక్వైర్‌మెంట్‌లో రాయకుండా వదిలేసినదాన్ని పసిగట్టడం? రేపు రిలీజ్ అనగా "ఇది ఆపండి, ఫలానా కస్టమర్లకు దెబ్బ తగులుతుంది" అని చెప్పడం? ఏఐ రాసిన టెస్టులు అన్నీ పచ్చగా పాసయినా, అవి అసలు పరీక్షించాల్సినదాన్నే పరీక్షిస్తున్నాయా అని చూడడం? ఎనిమిదేళ్లలో మీకు ఇవి వచ్చే ఉంటాయి. కాగితం మీద పెట్టరు, అంతే.

ఆ తర్వాత ఒక్క అడుగు పక్కకు వేయండి, పది అడుగులు దూకొద్దు. టెస్టులను వాటంతటవే నడిపే ప్లేరైట్, సెలీనియం లాంటి టూల్స్‌తో ఆటోమేషన్ ఒక అడుగు. మీ డొమైన్ బాగా తెలిస్తే బిజినెస్ అనలిస్ట్ మరో అడుగు. టెస్టింగ్ నుంచి నేరుగా డేటా సైంటిస్ట్ అంటే మాత్రం ఎనిమిదేళ్ల అనుభవాన్ని పక్కన పెట్టి, కొత్తగా డిగ్రీ పూర్తి చేసి వచ్చిన కుర్రాళ్లతో పోటీ పడడమే. ఆ పోటీలో నేనైతే దిగను.

పాత పనిని కూడా మరీ తీసిపారేయకండి. 2017 ప్రకటన తర్వాత కంపెనీల దగ్గర గుట్టలుగా ఉన్న ఫ్లాష్ కోర్సులను హెచ్‌టీఎంఎల్5లోకి మార్చాల్సి వచ్చింది. పాత ఫైలు తెరిచి లోపల ఏముందో చదవగలిగినవాళ్లకే ఆ పని దొరికింది, మంచి డబ్బే వచ్చింది. 1959లో పుట్టిన కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తోందంటే కారణం అదే. అలాగని కోబాల్‌కి ఉన్నంత ఆయుష్షు అన్నిటికీ ఉండదు. ఆ మార్పిడి పని జరుగుతుండగానే కొత్తది చేతికి రావాలి.

"అయిదేళ్లలో ఈ ఉద్యోగమే ఉండదు" అనేవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలంటారా? రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే ఆపేయాలని 2016లో అన్నది ఎవరో కాదు, జెఫ్రీ హింటన్. ఏఐ రంగంలో ఆయన్ని మించినవాళ్లు అరుదు. రేడియాలజిస్టులు ఇంకా ఉన్నారు, చాలాచోట్ల కొరత కూడా ఉంది. స్కాన్ చూడడం వాళ్ల పనిలో ఒక భాగం మాత్రమే మరి.

పరిచయాల గురించి ఒక మాట. నాకు తర్వాతి అవకాశం గురించి చెప్పింది రోజూ కలిసే స్నేహితులు కాదు, ఎప్పుడో కలిసి పనిచేసి తర్వాత మాటలే తగ్గిన ఒకాయన. ఇందులో వింతేమీ లేదు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఇలాంటి దూరపు పరిచయాల బలం గురించి రాశాడు. లింక్డిన్‌లో 2 కోట్ల మంది డేటాతో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనం కూడా దాదాపు అదే తేల్చింది. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా. ఉద్యోగం పోయాక ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుంది, ఇప్పుడే ఊరికే పలకరించండి.

ఇక మానేయాలా అన్న ప్రశ్న. మానేయొద్దు. కోర్సు సర్టిఫికెట్ కన్నా, "మా టీమ్‌లో రెండు రోజులు పట్టే రిగ్రెషన్‌ని నేను ఆటోమేట్ చేశాను, ఇదిగో ఇలా" అని చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మాట సాగుతుంది. అలాంటి అవకాశం లోపల ఉన్నప్పుడే దొరుకుతుంది. జీతం వస్తున్నంతకాలం ఆరు నెలల ఇంటి ఖర్చులు పక్కన పెట్టే ప్రయత్నం చేయండి. లేకపోతే వచ్చిన మొదటి ఆఫర్‌కే తలూపాల్సి వస్తుంది.

మీరు ఏ డొమైన్‌లో టెస్టింగ్ చేస్తున్నారో రాయలేదు. బ్యాంకింగా, ఆరోగ్య బీమానా, టెలికామా? దాన్ని బట్టి పక్క అడుగు చాలా మారుతుంది. చెబితే దాని గురించి విడిగా రాస్తాను.