రేపు చెక్కేసే గోడకి ఇవాళే ఫొటో తీయండి

ప్రశ్న: ఆర్కిటెక్టుగా పనిచేసే మా స్నేహితురాలు ఒక పాత నేతమిల్లు షెడ్లని డిజైనర్లకీ చిన్న స్టూడియోలకీ పనికొచ్చేలా బాగుచేయిస్తోంది. ఏడాదిన్నర పని. వారానికోసారి వచ్చి ఫొటోలు తీసిపెట్టమంది. రెండు నెలలుగా వెళ్తున్నాను, ఎటు చూసినా దుమ్ము, పరంజా, సిమెంటు బస్తాలు. చివర్లో 'అప్పుడు–ఇప్పుడు' జతలు చూపిస్తే చాలంటున్నారు కొందరు. తీసినవన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: జతలు తీయండి, కానీ వాటితో ఆగిపోకండి. ఏ గోడ ఉంచాలి, ఏ రంగు గీకేయాలి, యంత్రాలు బిగించిన బోల్టులు కోసేయాలా వదిలేయాలా అనేవన్నీ ఆ రెండు ఫొటోల మధ్య ఉన్న ఏడాదిన్నరలోనే తేలతాయి. కోసేశాక అక్కడేముండేదో ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ముందు సైట్ ఇంజనీరు దగ్గరికెళ్లి, వచ్చే వారం ఏం పడగొడుతున్నారో, ఏ గోడకి ప్లాస్టర్ చెక్కుతున్నారో అడిగి రాసుకోండి. ప్రతి వారం ఒకే రోజు వెళ్లడం మానేసి ఆ పనిని బట్టి వెళ్లండి, మొదలయ్యే ముందు రోజు ఒకసారి, జరుగుతుండగా ఇంకోసారి. నేలలో ఇంకిన నూనె మరకలు, యంత్రాల దిమ్మెలు, గోడ మీద ఎవరో పెన్సిల్‌తో వేసుకున్న లెక్కలు, స్విచ్‌బోర్డు పక్కన ఏళ్ల తరబడి చేతులు తగిలి నల్లబడిన చోటు... ఇవి దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి తీయండి. బీజింగ్‌లోని 798 ఆర్ట్ జోన్‌లో, 1950లలో తూర్పు జర్మనీ నిపుణుల సాయంతో కట్టిన ఫ్యాక్టరీలు ఇప్పుడు గ్యాలరీలయ్యాయి, కొన్నిట్లో కమాను కప్పుల మీద మావో కాలపు ఎర్ర నినాదాలు అలాగే ఉంచారు. అన్నిచోట్లా అంత ఓపిక ఉండదు, ఒక్క పూటలో రంగు కొట్టేస్తారు, అప్పుడు మిగిలేది మీ ఫొటో ఒక్కటే.

ఇక జతల సంగతి. చాలామంది ట్రైపాడ్ కాళ్ల కింద నేల మీద పెయింటుతో గుర్తు పెడతారు. ఆరు నెలలకి కొత్త గచ్చు పోస్తారు, గుర్తు పోతుంది, పైగా నేల నాలుగైదు అంగుళాలు లేచినా లేస్తుంది, ట్రైపాడ్ అంతే ఎత్తులో పెట్టినా ఫ్రేము పాతదానితో కలవదు. అందుకని కదలని వాటి నుంచే కొలవండి: రెండు ఇనుప స్తంభాల నుంచి దూరం, స్తంభం మీద ఫలానా రివెట్టు నుంచి కెమెరా ఎత్తు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో చెప్పే అంకె) సహా పుస్తకంలో రాసుకోండి, పాత ఫొటో ప్రింటు చేతిలో పట్టుకుని సరిచూసుకోండి. ఇలాంటి చోట్లు ఆరో ఏడో చాలు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. ఆ మిల్లులో పనిచేసినవాళ్లు ఒకరిద్దరైనా దొరికితే షెడ్డు ఇంకా పాత రూపంలో ఉండగానే తీసుకెళ్లండి. ఏ మగ్గం ఎక్కడుండేదో వాళ్లే చూపిస్తారు, మీకు ఖాళీ గచ్చులా కనిపించేది వాళ్లకి అలా కనిపించదు. వాళ్లు నిలబడిన చోటే ఫొటో తీసి, చెప్పిన మాటలు ఆ రోజే రాసిపెట్టుకోండి. ఇప్పుడు పనిచేస్తున్న మేస్త్రీలనీ వెల్డర్లనీ కూడా అడిగి తీయండి, మళ్లీ వెళ్లినప్పుడు ఒక ప్రింటు చేతిలో పెట్టండి. బ్రెజిల్‌లోని సావ్ పౌలోలో పాత ఇనుప పీపాల ఫ్యాక్టరీని సాంస్కృతిక కేంద్రంగా మార్చి 1982లో తెరిచిన ఆర్కిటెక్టు లీనా బో బార్డి, పని జరుగుతున్నన్నాళ్లూ తన ఆఫీసు సైట్‌లోనే పెట్టుకున్నారు. అక్కడే ఉంటే కంటపడేవి వేరు.

ప్రశ్న: షెడ్డు లోపల తీస్తే కిటికీలు తెల్లగా పేలిపోతున్నాయి, మూలలు నల్లగా వస్తున్నాయి. స్తంభాలు కూడా వెనక్కి వాలినట్టు ఉంటున్నాయి.

జవాబు: స్తంభాలు వాలడానికి కారణం మీరు కెమెరాని పైకెత్తడమే. కెమెరా లెవెల్‌గా ఉంచి, వెనక్కి జరిగి, వెడల్పుగా తీసి కింద అక్కర్లేని నేల కత్తిరించుకోండి. కెమెరా ఎత్తకుండానే ఫ్రేముని పైకి జరిపే షిఫ్ట్ లెన్స్ ఉంటే ఆ బాధా లేదు. వెలుతురుకైతే ట్రైపాడ్ మీద రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) మూడు నుంచి ఐదు ఎక్స్‌పోజర్లు, కెమెరా కుదించని రా ఫైళ్లలో తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలపండి.

మబ్బు పట్టిన రోజుని వదులుకోకండి. 1959 నుంచి పారిశ్రామిక కట్టడాలని ఫొటోలు తీసిన జర్మన్ దంపతులు బెర్న్‌డ్, హిల్లా బెషర్ అలాంటి రోజుల కోసమే చూసేవారు, నీడలు లేకపోతే కట్టడం ఆకారం స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి. రంపపు పళ్లలా ఉండే కప్పులున్న షెడ్లయితే ఇంకా హాయి. ఆ పళ్ల నిటారు వైపున అద్దాలుంటాయి, ఉత్తరార్ధగోళంలో వాటిని మామూలుగా ఉత్తరం వైపు పెట్టేవారు, నేరుగా ఎండ పడకుండా పని చేసేవాళ్లకి రోజంతా ఒకే వెలుగు ఉండాలని. ఆ వెలుగు ఇప్పుడు మీకూ పనికొస్తుంది. పని పూర్తయ్యాక మాత్రం సూర్యాస్తమయం తర్వాత ఒక పావుగంట ప్రయత్నించండి, లోపలి దీపాలూ బయటి ఆకాశమూ దాదాపు సమానమవుతాయి. నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్‌లోని వాన్ నెల్లె ఫ్యాక్టరీ లాంటి అద్దాల గోడలున్న భవనాలకి అంతకన్నా మంచి సమయం లేదు.

ప్రశ్న: మొత్తం పనిని టైమ్‌లాప్స్ (ఒకే చోటు నుంచి ఆగి ఆగి తీసిన ఫొటోలని కలిపి వేగంగా చూపే వీడియో) తీయొచ్చా?

జవాబు: తీయొచ్చు, ముందు లెక్క వేసుకోండి. పది నిమిషాలకొకటి చొప్పున రోజుకి 8 గంటలు తీస్తే 48 ఫొటోలు, 300 పనిరోజులకి 14,400. సెకనుకి 25 చొప్పున చూపిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు, అంతసేపు ఎవరూ చూడరు. అరగంటకొకటి చాలు, మూడు నిమిషాలొస్తుంది. కెమెరాని పరంజాకి కట్టకండి, అది విప్పేస్తారు, స్తంభానికి బిగించండి. ఆ దుమ్ములో లెన్స్ మార్చకండి. పాత ఆస్‌బెస్టాస్ రేకులు దించే రోజు మాత్రం ఎంత మంచి ఫొటో వస్తుందనిపించినా లోపలికి వెళ్లకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.