కొట్టేసింది దేన్ని?

సందేహం: బెంగళూరు కె.ఆర్. పురంలో ఒక సివిల్ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తాను. మాకు దక్కిన ప్రభుత్వ పనిమీద పోటీ కాంట్రాక్టరు హైకోర్టుకు వెళ్లాడు, ఓడిపోయాడు. ‘టెండరు కేసు కొట్టేసిన హైకోర్టు’ అని మదనపల్లెలోని మావాళ్లకు మెసేజ్ పెడితే, పని పోయిందనుకుని ఒకటే ఓదార్పు ఫోన్లు. కొట్టేయడం, రద్దు చేయడం ఒకటి కాదా? ‘పక్కన పెట్టింది’ అనొచ్చా? ఆఫీసులో మేము ‘అర్జీ వజా అయింది’ అంటాం. అది తెలుగేనా?

సమాధానం: మీవాళ్ల పొరపాటేమీ లేదండీ. మీరు రాసిన వాక్యం రెండువైపులా తిరుగుతుంది.

కొట్టివేయడమంటే రాసినదానిమీద గీత గీయడం. ఆ గీత పోటీదారు పిటిషన్‌మీద పడితే మీకు పండగ, మీకు పని అప్పగించిన ఉత్తర్వుమీద పడితే ఆయనకు పండగ. పత్రికలు ‘పిటిషన్ కొట్టివేత’ అనీ రాస్తాయి, ‘జీవో కొట్టివేత’ అనీ రాస్తాయి. రెండూ తప్పు కావు. పైగా ‘పెద్ద టెండరే కొట్టేశాడు’ అంటే దక్కించుకున్నాడని కదా! ఈ క్రియకున్న ఇంకో అర్థాన్ని మీ యజమాని ముందు ఎత్తకపోవడమే మర్యాద.

నేను పాటించే పద్ధతి ఇది: అడిగినదానికి కొట్టివేత, ఇచ్చినదానికి రద్దు. పిటిషన్, అప్పీలు, దావా అడిగినవి. టెండరు ప్రకటన, అనర్హుడంటూ ఇచ్చిన ఉత్తర్వు, పని అప్పగిస్తూ ఇచ్చిన ఉత్తర్వు ఇచ్చినవి. ‘కేసు’ అన్న మాట వీటన్నిటినీ మింగేస్తుంది. మీ మెసేజ్‌ను చెడగొట్టింది అదే. ‘మా కాంట్రాక్టుపై వేసిన పిటిషన్ కొట్టివేత’ అని ఉంటే ఆ ఫోన్లు వచ్చేవి కావు.

‘పక్కన పెట్టింది’ మాత్రం వద్దు. ఇంగ్లిషు తీర్పుల్లోని ‘సెట్ ఎసైడ్’ను మాటకు మాట దించితే పుట్టిన ప్రయోగం అది. తెలుగులో పెళ్లి మాట పక్కన పెట్టారంటే తర్వాత చూద్దామనుకున్నారని. కాబట్టి చదివేవాళ్లు దాన్ని స్టే అనుకుంటారు. స్టే అంటే తాత్కాలిక నిలుపుదల, కన్నడ పత్రికల ‘తడెయాజ్ఞె’. స్టే పడిన కాంట్రాక్టు బతికే ఉంటుంది, రద్దయినది ఉండదు.

‘వజా’ మీ బెంగళూరు గాలి. కన్నడంలో అర్జీ వజా అయిందంటే కొట్టేశారని. మన పాత లెక్కల్లో వజా అంటే మినహాయింపు. మీలో మీరు అనుకోవడానికి అభ్యంతరమేముంది? ఊళ్లో పెద్దవాళ్లకు రాస్తే బిల్లులో ఎంత కోత పడిందని అడగ్గలరు, అంతే.

మీరు అడగలేదు గానీ, అసలు చిక్కు ‘సవాలు’ దగ్గరుంది. ‘టెండరును సవాలు చేశాడు’ అని అందరూ రాస్తారు. దేన్ని సవాలు చేసినట్టు? ప్రకటనలోని షరతులనా, సాంకేతిక బిడ్ తిరస్కరణనా, చివరి ఎంపికనా? ఎవరి దగ్గర? టెండరును ఆమోదిస్తూ ఇచ్చిన ఉత్తర్వుమీద, కర్ణాటక 1999 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల పారదర్శకత చట్టం 16వ సెక్షన్ ప్రకారం, అది అందిన 30 రోజుల్లోగా నిర్దేశిత అధికారికి చెప్పుకోవచ్చు. తమిళనాడు 1998 చట్టంలో గడువు 10 రోజులే, వినేది ప్రభుత్వం. ఇక్కడ వేసేది అప్పీలు. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో వేసేది రిట్ పిటిషన్, అంటే ప్రభుత్వం చేసింది చట్టప్రకారమేనా చూడమనే అర్జీ. ‘హైకోర్టులో టెండరు అప్పీలు’ అని ఈ రెంటినీ కలిపేస్తే భాషే కాదు, విషయమూ చెడుతుంది.

ఎందుకంటే అప్పీలులో ‘నిర్ణయాన్నే మళ్లీ చూడండి’ అనొచ్చు. రిట్‌లో అడగ్గలిగింది ‘ఎంచిన తీరు సక్రమమేనా?’ అని. మద్రాసుతో సహా నాలుగు మహానగరాల సెల్‌ఫోన్ లైసెన్సుల మీద నడిచిన టాటా సెల్యులర్ కేసులో, 1994లో, సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: కోర్టు అప్పీలు వినేచోటులో కూర్చోదు, నిర్ణయం ఎలా తీసుకున్నారో మాత్రమే చూస్తుంది. 2006లో జగదీశ్ మండల్ అనే మరో టెండరు కేసులో రెండు ప్రశ్నలు పెట్టింది. దురుద్దేశమో, ఎవరికో మేలు చేసే తలంపో, బాధ్యతగల ఏ అధికారీ చేయనంత అడ్డగోలుతనమో ఉందా? ప్రజాప్రయోజనం దెబ్బతిన్నదా? లేవంటే కోర్టు తలదూర్చదు.

అరబ్బీలో సవాలంటే ప్రశ్నే. కన్నడ విలేకరులు ‘ప్రశ్నిసి’ అని రాసేదీ అందుకు దగ్గరగానే ఉంది. మనమూ ‘ఎంపికను ప్రశ్నిస్తూ రిట్ వేశారు’ అనొచ్చు. రిట్ ఓడిపోయినప్పుడు మాత్రం ‘మా ఎంపికే సరైనదని హైకోర్టు తేల్చింది’ అని రాయకండి, కోర్టు అంతమాట అనలేదు. మీ యజమానికి కాస్త చప్పగా అనిపిస్తుందేమో గానీ, ‘జోక్యానికి నిరాకరించింది’ అంటే ఉన్నంత మాట.