నేపాల్ పోతున్న బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దసరా సెలవుల్లో నువ్వు చర్చి సంఘం పిల్లలతో కలిసి పన్నెండు రోజులు నేపాల్ పోతున్నావని, బుట్వల్ వైపు ఊళ్ళలో ప్రభువును ఎట్లా నమ్ముకున్నావో సాక్ష్యం చెప్పేది నువ్వేనని చెప్పింది. చెబుతున్నంతసేపూ దాని గొంతు వణుకుతూనే ఉంది, సంతోషమో భయమో దానికే తెలియదు. ఇక నాకు నిద్ర పడితే కదా. మన ఇంటి ఆడపిల్ల సువార్త కోసం దేశం దాటుతోందంటే మా నాయనమ్మ బతికి ఉంటే దేవరకొండ దాకా నడిచిపోయి కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది. నాకూ అంతే గర్వంగా ఉంది. కానీ నేనూ ఆ దారిన ఒకసారి పోయివచ్చినదాన్ని. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. బస్సులో కూర్చున్నాక అయినా పూర్తిగా చదువు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తా. సరిహద్దులో నీ వయసువాళ్ళకు ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుదే పెట్టుకో. కాచిన నీళ్ళే తాగు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది పెట్టుకో. గడియారం పావుగంట ముందుకు తిప్పుకో. వాళ్ళ ఆరాధన శనివారం, ఎందుకంటే అక్కడ వారపు సెలవు ఆ రోజే. చెప్పులు బయట విప్పి కింద కూర్చుంటారు, చాలా చోట్ల ఆడవాళ్ళు తల మీద కొంగు వేసుకుంటారు, కాబట్టి చున్నీ మరిచిపోకు. "జయ్ మసీహ్" అని పలకరించుకుంటారు. పెద్దామెను దిదీ అను, చిన్నదాన్ని బహినీ అను, ముసలమ్మను ఆమా అను. ఎంగిలి పట్టింపు మనకంటే ఎక్కువ, నీ పళ్ళెంలోది తీసి ఇంకొకరికి పెట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. నేపాల్‌లో మతం మార్చడం, అందుకు ప్రోత్సహించడం నేరం. 2015 రాజ్యాంగంలోనే ఆ మాట ఉంది, 2018 నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్ ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, యాభై వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిసిన ఏడు రోజుల్లో దేశం బయటికి పంపిస్తారు. వీసా అక్కర్లేకుండా దాటుతాం కదా అని మన ఇల్లే అనుకుంటాం గానీ, ఆ చట్టం ముందు నువ్వూ విదేశీయురాలివే. ఇది చెప్పి నిన్ను భయపెట్టాలని కాదు. నీకేమన్నా అయితే మీ నాయకుడు ఫోన్లు చేస్తాడు, మన వాళ్ళు పరుగెత్తుతారు, ఎట్లాగో తెచ్చుకుంటాం. మరి మిమ్మల్ని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన పాస్టరు కుటుంబం ఎక్కడికి పోతుంది? పన్నెండో రోజు నువ్వు బస్సెక్కుతావు, వాళ్ళు మాత్రం తెల్లారితే అదే బజారులో కూరగాయలు కొనుక్కోవాలి, అదే పక్కింటివాళ్ళ ముఖం చూడాలి. కాబట్టి ఆ పాస్టరు వద్దన్న ఊరికి పోవద్దు, ఆపమన్న చోట పాటైనా సరే మధ్యలోనే ఆపెయ్యి. మీ నాయకుడు ఇంకోటి చెప్పినా సరే, ఆ ఊరి మనిషి మాటే వినాలి.

మీరు పోయేది దసరాకు. అక్కడ దాన్ని దశైం అంటారు, వాళ్ళకు అంతకంటే పెద్ద పండుగ లేదు. పట్నాల్లో ఉన్నవాళ్ళంతా ఊళ్ళకు పోతారు, బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. ఇంటి పెద్దలు పెరుగులో కుంకుమ, బియ్యం కలిపి చిన్నవాళ్ళ నుదుటికి టీకా అనే బొట్టు పెట్టి దీవిస్తారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన పిల్లలకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే కష్టమైన రోజు అదే. టీకా పెట్టించుకోకపోతే నాన్న చెయ్యి తోసేసినట్టు, పెట్టించుకుంటే మనసు ఒప్పదు. మనకిది కొత్త కాదు. దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి "బంగారం" అని చేతిలో పెట్టే పక్కింటి పిల్లలను మా నాయన ఏనాడూ వట్టి చేతులతో పంపలేదు. జమ్మి పూజకు పోయేవాడు కాదు, కానీ ఆకు తెచ్చిన పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని అలాయ్ బలాయ్ ఇచ్చి, ఇంట్లోకి పిలిచి చాయ్ తాగించేవాడు. అట్లా చెయ్యడానికి ఆయనకు ఎన్నేళ్ళు పట్టిందో, ఎన్ని మాటలు పడ్డాడో నాకు తెలుసు. అక్కడి పిల్లలు నిన్ను అడుగుతారు, "టీకా పెట్టించుకోవాలా వద్దా" అని. నువ్వు తీర్పు చెప్పకు. వాళ్ళ నాన్న ముందు నిలబడాల్సింది నువ్వు కాదు. వాళ్ళ పాస్టరునే అడగమను, నువ్వు పక్కన కూర్చుని విను.

ఇక నా సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1997లో పోయినం మేము. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు, నర్సుగా చేరి పదేళ్ళయింది. రైళ్ళు మారి గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సునౌలి దాకా పోయి, నడిచి సరిహద్దు దాటి, బుట్వల్ ఇవతల ఉన్న ఒక ఊళ్ళో బడి వరండాలో మెడికల్ క్యాంప్ పెట్టినం. అప్పటి చట్టంలో కూడా మతం మార్చడం నేరమే, అది తెలిసే పోయినం. ధైర్యంగా ఉండటమే విశ్వాసం అనుకునేదాన్ని ఆ రోజుల్లో.

మధ్యాహ్నం ఒక పిల్ల వచ్చింది, ఇరవై ఏళ్ళుండవు. మెడలో పచ్చ పూసల దండ, చంకలో పద్దెనిమిది నెలల బాబు. వాడు గబగబా ఊపిరి తీస్తున్నాడు. వాచీ చూసి లెక్కపెట్టాను, నిమిషానికి యాభై రెండు. ఆ వయసు పిల్లలకు నలభై దాటితేనే నిమోనియా అనుకోవాలి. కో-ట్రైమోక్సజోల్ సిరప్ సీసా తీసి, ఎంత పొయ్యాలో చెంచా మీద గోటితో గీత పెట్టి చూపించాను. అంతవరకు బాగానే చేశాను బిడ్డా, ఇప్పటికీ తప్పు పట్టలేను. తర్వాత నా సంచిలోంచి నీలం అట్ట ఉన్న చిన్న నేపాలీ కొత్త నిబంధన తీసి, ఆ సీసా, ఆ చెంచా ఉన్న కవరులోనే పెట్టి ఇచ్చాను.

ఆ పిల్ల కవరులోకి చూసింది. వేపచెట్టు కింద నిలబడ్డ అత్త వైపు చూసింది. పుస్తకం పైకి తీసి నా వైపు చాపింది, ఏమీ మాట్లాడలేదు. నేను నవ్వుకుంటూ ఆమె వేళ్ళు పుస్తకం మీద మూసి "లే లో, లే లో" అన్నాను. సరిగ్గా అప్పుడే మా జట్టులో ఒక తమ్ముడు ఫోటో తీశాడు.

తిరిగి వచ్చాక ఆ ఫోటో చూపించి "ఒక తల్లి వాక్యాన్ని అందుకున్నది" అని స్టేజీ మీద చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ ఏడ్చాను, సంతోషంతో.

నాలుగు నెలలకు అక్కడి పాస్టరు హిందీలో ఉత్తరం రాశాడు. ఆ సాయంత్రమే అత్త కవరు తీసుకుపోయి ఉన్నది ఉన్నట్టు పొయ్యిలో పడేసిందట. పుస్తకంతో పాటు మందు కూడా. రాత్రికి బాబుకు ఎక్కువైతే పక్క ఊరి నుంచి పాస్టరు భార్య చీకట్లో నడిచిపోయి, బజారులో ఇంకో సీసా కొనిపించి తాగించిందట. బాబు బతికాడు. కోడలిని పుట్టింటికి పంపించేశారు. పాస్టరును మూడు రోజులు పోలీసు చౌకీలో కూర్చోబెట్టారు, వాళ్ళింట్లో జరిగే ఆడవాళ్ళ ప్రార్థన ఏడాది పాటు ఆగిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు ఆయన. చివర్లో మాత్రం రాశాడు, ఈసారి ఏదైనా ఇవ్వాలంటే ముందు మాకు ఇవ్వండి బహినీ, ఎప్పుడు ఇవ్వాలో మేము చూసుకుంటాం అని.

ఆ ఉత్తరం చదివాక నా రిజిస్టరు తీసి చూశాను. "మగ శిశువు, 18 నెలలు, 8 కిలోలు, నిమోనియా" అని ఉంది. తల్లి పేరు లేదు. నేను అడగలేదు.

ఇన్నేళ్ళు దాని గురించే ఆలోచించాను. పుస్తకం ఇవ్వడం తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పు ఏమిటంటే, ఆ పిల్ల కాదనలేని సమయంలో ఇచ్చాను. కొడుకు ప్రాణం నా చేతిలో ఉన్నప్పుడు నేనేమిచ్చినా తీసుకోక ఏం చేస్తుంది? వద్దని చెప్పడానికి కూడా వీల్లేని మనిషి తీసుకుంటే దాన్ని అందుకోవడం అంటామా? మందిచ్చిన చేత్తో, బియ్యమిచ్చిన చేత్తో, దుప్పటి ఇచ్చిన చేత్తో అప్పటికప్పుడే దేవుని మాట ఇవ్వకు తల్లీ. మందు మందుగా ఇవ్వు, తిరిగి ఏమీ అడగకు. వాళ్ళంతట వాళ్ళు ఇంకోరోజు వచ్చి "మీరెందుకు ఇట్లా చేస్తున్నారు" అని అడిగితే, అప్పుడు కూర్చోబెట్టి చెప్పు.

మా నాయనమ్మ గురించి చెబితే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆమెకు పెద్దగా చదువు రాదు. మన ఊరికి కాలినడకన వచ్చి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీ దగ్గర మాట విని నమ్మింది. చాలా ఏళ్ళ తర్వాత కరువులో పాలపొడి, గోధుమపిండి పంచితే అందరితో పాటు తనూ తెచ్చుకుంది. అంతే, "పాలపొడికి కలిసినోళ్ళు" అని పేరు పడింది. చచ్చిపోయేదాకా ఆ మాట ఆమెను వదల్లేదు. ముసలితనంలో మంచం మీద కూడా నా చెయ్యి పట్టుకుని "నేను పాలపొడి రాకముందే నమ్మిన బిడ్డా, నీకు తెలుసు కదా" అనేది. ఇంత బాధ చూసిన దాన్ని, నేనే పోయి ఇంకో ఆడపిల్లకు అదే చేసి వచ్చాను.

తర్వాత తెలుసుకున్నాను. యునైటెడ్ మిషన్ టు నేపాల్ అని ఒకటి 1954లో మన నాగపూర్‌లోనే మొదలైంది, బుట్వల్ పైన కొండల్లో తాన్సేన్ ఆసుపత్రి వాళ్ళదే. మత ప్రచారం చెయ్యకూడదన్న షరతు మీదే ప్రభుత్వం వాళ్ళను రానిచ్చింది. డాక్టర్లు, నర్సులు ఏళ్ళ తరబడి గాయాలు కడిగారు, కాన్పులు చేశారు. సంఘాలను కట్టింది మాత్రం నేపాలీలే, డార్జిలింగ్ వైపు నుంచి తిరిగి వచ్చినవాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ. మన దగ్గర మాత్రం వేరేనా? రష్యా నుంచి ఫ్రీసెన్ దొర 1890లో నల్లగొండ వచ్చాడని అందరం చెప్పుకుంటాం, కానీ ఎండలో ఊరూరా తిరిగి, తిట్లు పడి, ఆ ఊళ్ళోనే చచ్చి మట్టిలో కలిసినవాళ్ళు మన తాతలు, మన అవ్వలు. నువ్వు పోయేది అట్లాంటి వాళ్ళ ఇంటికి. నేర్పడానికి పోతున్నానని అనుకోకు.

నీ సాక్ష్యం గురించి ఒక మాట. నువ్వు గబగబా మాట్లాడతావు, ఎదుటివాళ్ళు చెబుతుంటే మధ్యలో అందుకుంటావు. చిన్నప్పటి నుంచీ అంతే, ఎన్నిసార్లు తిట్టానో. బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో ఫిలిప్పు రథం పక్కన పరుగెత్తి మొదట ఏం చేశాడు? అందులో కూర్చుని లేఖనం చదువుకుంటున్నాయనను, చదివేది అర్థమవుతోందా అని అడిగాడు. ఆయన ఎక్కి కూర్చోమన్నాక కదా చెప్పింది. అట్లా అడుగు. ఇక నీ వంతు వచ్చినప్పుడు, మీ నాన్న పోయినాక ఏడాది పాటు నువ్వు చర్చి మెట్లెక్కలేదు చూడు, ఆ ఏడాదిని దాచిపెట్టకు. మీ అమ్మ దిగులుతో సగమైంది, నేను శనివారం శనివారం వచ్చి మీ ఇంట్లో పడుకునేదాన్ని, నువ్వు గోడవైపు తిరిగి పడుకునేదానివి. నిన్ను అప్పుడు ఎవరూ బలవంతపెట్టలేదు. ఒక పొద్దున నువ్వే లేచి చున్నీ తీసుకుని నా వెంట బయలుదేరావు. అది చెప్పు. పది నిమిషాలు చాలు. చివర్లో నమ్మినవాళ్ళు చేతులెత్తమని లెక్కపెట్టకు.

ఫోటోల దగ్గర నేను చాలా గట్టిగా చెబుతున్నా. మన మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకరపోయిన పిల్లలను ఎంతమంది వచ్చి ఎన్ని ఫోటోలు తీసుకుపోయారో నీకు తెలుసు. నిలబడమన్నప్పుడల్లా ఆ పిల్లలు గోడ పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ ముఖాలు నేను చూశాను. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ ప్రార్థనలో ఫోన్ బయటికి తియ్యకు, వాట్సాప్ స్టేటస్‌లో ఊరి పేరు పెట్టకు. నువ్వు పెట్టిన ఒక్క ఫోటో చాలు ఎవరి మీదనైనా కేసు పెట్టడానికి.

ఇంకొకటి, ఇది నర్సుగా చెబుతున్నా. జబ్బు మనిషికి ప్రార్థన చెయ్యి, తప్పకుండా చెయ్యి, నేను రోజూ చేస్తాను. కానీ టీబీ మందులు, బీపీ మందులు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళతో "ఇక అవసరం లేదు" అనే మాట నీ నోట రాకూడదు, నీ పక్కనున్నవాళ్ళ నోట వచ్చినా ఆపు. టీబీ మందు మధ్యలో మానేస్తే ఏమవుతుందో నేను వార్డులో చూశాను. అట్లాగే "మళ్ళీ వస్తాం" అని ఊరికే అనకు. ఆ ముసలమ్మలు నిజంగానే ఎదురుచూస్తారు.

ఊదా రంగు స్వెటర్ ఆదివారం మీ అమ్మ చేతికి ఇస్తాను, రంగు నచ్చకపోయినా వేసుకో, అక్కడ పొద్దుటిపూట చలి పడుతుంది. నాకు అక్కడి నుంచి ఏమీ తేవద్దు. నువ్వు కూర్చున్న ప్రతి ఇంట్లో ఆడమనిషి పేరు అడుగు, కాగితం మీద రాయకుండా మనసులో పెట్టుకుని రా. రాగానే నల్లగొండకు వచ్చెయ్యి, రెండు రోజులు ఉండు. నువ్వు ఒక్కొక్క పేరూ చెప్పు, ఇద్దరం కూర్చుని వాళ్ళ కోసం ప్రార్థన చేసుకుందాం. చివర్లో నేను ఒకామె కోసం చేస్తాను, పేరు లేకుండా.

మీ పెద్దమ్మ