చర్మం అతికించే ముందు సిరల సంగతి తేల్చుకోండి

మీ అమ్మగారి చీలమండ పైన పుండు 14 నెలలుగా మానడం లేదని, చర్మం అతికిస్తే నిలుస్తుందా అని అడిగారు. నిలవవచ్చు, కానీ పుండు ఎందుకు వచ్చిందో ముందు తేలాలి.

కాలి పుళ్లలో ఎక్కువ భాగం సిరల లోపం వల్ల వచ్చేవే. రక్తం వెనక్కి జారకుండా ఆపే సిరల్లోని కవాటాలు సరిగా మూసుకోక రక్తం కిందనే నిలిచిపోతుంది. ఆ ఒత్తిడి తగ్గించకుండా కొత్త చర్మం వేస్తే అదీ పుండైపోతుంది. శబ్ద తరంగాలతో రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష చేశారా? అందులో చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి 0.8 కంటే తక్కువైతే ధమనుల్లో అడ్డంకి ఉండవచ్చు, అప్పుడు సిరల ఒత్తిడి తగ్గించే బిగుతు కట్టు సొంతంగా కట్టకూడదు. ఇన్నాళ్ల పుండు కాబట్టి అంచు నుంచి ముక్క తీసి క్యాన్సర్ కాదని నిర్ధారించారా అని కూడా అడగండి.

పుండు అడుగు ఎర్రగా, తడిగా, సన్నని గింజలు పరిచినట్లు ఉంటే అతికించడానికి అనువైనట్లే. పసుపు పొర, చీము ఉంటే ఆగాల్సిందే. తొడ నుంచి పల్చటి పొర తీసి, జల్లెడలా గాట్లు పెట్టి పరుస్తారు. మొదటి రెండు రోజులు ఆ పొర, కింద ఊరే ద్రవంతోనే బతుకుతుంది, రక్తనాళాలు ఆ తర్వాతే కలుస్తాయి. అందుకే కట్టు జరగకూడదు. చిత్రమేమిటంటే, చాలామందికి నొప్పి పుండు దగ్గర కన్నా తొడ మీదే ఎక్కువ.

మా నాన్నగారికి చర్మం చక్కగా పట్టింది. తర్వాత బిగుతు మేజోళ్లు విసుగని మానేశారు. ఏడాది తిరక్కుండానే పక్కన ఇంకో పుండు లేచింది.