మా నాయనమ్మ రజాకార్ల కాలం గురించి నోరు విప్పడం లేదు. ఆమె జ్ఞాపకాలను ఎలా రాసుకోవాలి?

మీ నాయనమ్మకు తొంభై దాటాయని, తుంగతుర్తి వైపు పల్లెలో వెట్టినీ, రజాకార్లనూ, ఆ తర్వాత వచ్చిన మిలిటరీనీ కళ్లారా చూసిందని, ఆమె చేత చెప్పించి పుస్తకం రాయాలని రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నా "గుర్తు లేదు బిడ్డా" అన్న మాట తప్ప ఏమీ రావడం లేదని రాశారు. ఆమె చెప్పిన ఒకటి రెండు సంగతుల్లో కూడా సంవత్సరాలు కలవడం లేదని, అటువంటి జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా అని అడిగారు. నేను చరిత్ర అధ్యాపకుణ్ని కాను. సూర్యాపేటకు దగ్గరలోని ఒక ఊళ్లో 1991 నుంచి 11 సంవత్సరాలు పాల సంఘం కార్యదర్శిగా పనిచేశాను. మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఆ పాల కేంద్రంలో దొరికిందే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాల సంఘం నడవాలంటే ముందుగా సభ్యుల పేర్లు పుస్తకంలోకి ఎక్కించాలి, వాటా ధనం కట్టించుకోవాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మా ఊళ్లో రెండు బర్రెలున్న ఒక అవ్వ రోజూ తెల్లవారకముందే అందరికన్నా ముందు పాలు తెచ్చి నిలబడేది గాని, సభ్యత్వం తీసుకోమంటే మాత్రం ససేమిరా ఒప్పుకునేది కాదు. సభ్యులు కానివారికి ఏడాది చివర బోనస్ రాదని, దాణా మీద రాయితీ ఉండదని ఎన్నిసార్లు చెప్పినా, "పాలు పోస్త గని, సంఘంల నా పేరు రాయకు కొడుకా" అనేది. చదువు రాని మనిషి మొండితనం అనుకున్నాను. ఆమె ఏ మాటకు బెదురుతున్నదో నాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది.

ఆమె వయసు వాళ్లకు నల్లగొండ జిల్లాలో సంఘం అంటే వెట్టికీ, దొరలకూ ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభ. పల్లెల్లో దాన్ని అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించే దాకా, "ఈ ఇంట్ల సంఘపోళ్లు ఎవరు?" అన్న ప్రశ్నతోనే మొదట నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు, 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం లొంగిపోయిన తర్వాత సైన్యం, పోలీసులు ఇంటింటి తలుపులు తట్టారు. సంఘంలో పేరున్నవాణ్ని ఆ పేరు పట్టుకునే వెతికారు. నలభై ఏళ్లు గడిచాక మేము అదే మాట పలుకుతూ, చేతిలో ఒక పుస్తకంతో, వేలిముద్ర వేయమంటూ ఆమె ముందు నిలబడ్డాం. ఆ రోజుల గురించి అడిగితే ఆమె కూడా మీ నాయనమ్మలాగే గుర్తు లేదనేది. కానీ ఆమెకు గుర్తున్నదంతా ఆ ఒక్క మాట విన్నప్పుడు వెనక్కి జరిగిన ఆమె చేతిలో ఉంది. "గుర్తు లేదు" అని మీ నాయనమ్మ అన్నప్పుడు, చెప్పడానికి ఏమీ లేదని దయచేసి అనుకోవద్దు.

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. పాలు కొలిచి, నమూనా తీసి, వెన్న శాతం చూసే దాకా కదిలేది కాదు. అప్పట్లో మా దగ్గర యంత్రం లేదు. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి, చేతితో తిప్పే చక్రంలో పెట్టి తిప్పితే వెన్న పైకి తేలి గొట్టం మెడలోని గీతల మధ్య పసుపు పచ్చగా నిలిచేది. అందరికీ అక్కడికక్కడే పరీక్ష చేయడం కుదరదని చెప్పినా వినకుండా గోడకు ఆనుకొని కూర్చుని, తన గొట్టం వంతు వచ్చినప్పుడు లేచి వచ్చి ఎన్ని గీతలున్నాయో తానే లెక్కపెట్టేది. లీటర్లు, శాతం, డబ్బు రాసిన చీటీలన్నీ చదవడం రాకపోయినా ఒక రేకు డబ్బాలో దాచుకునేది.

ఆ అలవాటు వెనుక ఏముందో ఒక వానాకాలం ఉదయం, కరెంటు పోయి, లారీ రాక ఆలస్యమై అందరం క్యాన్ల పక్కన కూర్చున్నప్పుడు దానంతట అదే బయటపడింది. ఎవరూ ఏమీ అడగలేదు. తన ముంత అంచును వేలితో తుడుస్తూ, "మా ఇంట్ల బర్రె ఉండె, పాలు మాయి కాకుండె" అన్నది. దొర ఉండే గడికి రోజూ పాలు, పండగలకు నెయ్యి, అధికారులు ఊళ్లోకి వచ్చినప్పుడు పెరుగు ఊరికే మోయాలని, బర్రె ఎండిపోయిన నెలల్లో పక్క ఊరి నుంచి అరువు తెచ్చి పోయాలని, అక్కడ ఎవరూ కొలవరని, తక్కువైతే మాత్రం తెలిసిపోతుందని ముక్కలు ముక్కలుగా చెప్పింది. కొలత అంటే ఆమెకు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె అలా పాలు మోస్తున్న 1946లోనే, గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు ఒకే ఒక్క కొనుగోలుదారు చెప్పిన ధరకు లొంగకుండా 15 రోజులు చుక్క పాలు పోయక, తమ సొంత సహకార సంఘాన్ని నిలబెట్టుకున్నారు. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాడి పథకం ఆ పద్ధతిని దేశంలోని ఎన్నో జిల్లాలకు తెచ్చింది. సహకార పాడి గురించి మాట్లాడేవాళ్లు ఆదాయం లెక్కలు చెబుతారు, అవి అవసరమే. కానీ తన కళ్ల ముందు కొలిచి, చీటీ రాసి, 15 రోజులకొకసారి డబ్బు చేతిలో పెట్టడం వెట్టిని చూసిన మనిషికి ఎంత పెద్ద సంగతో నేను ఏ శిక్షణలోనూ వినలేదు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఆమె మాటలు పోగొట్టుకోకూడదన్న తొందరలో మరుసటి వారం టేప్‌రికార్డరు పట్టుకొని ఆమె ఇంటికి వెళ్లాను. ఊరి బడిలో మిలిటరీ క్యాంపు మూడు వానాకాలాలు ఉన్నదని చెప్పింది. మిగతా పెద్దల లెక్క ప్రకారం అది ఉన్నది రెండు నెలలే. నేను వెంటనే, "లేదవ్వా, రెండు నెలలే అంట" అని దిద్దాను. ఆమె నా ముఖం వైపు చూసి, లేచి బర్రెకు చొప్ప వేయడానికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు కేంద్రానికి రాలేదు. ఆ మాట ఎందుకన్నానా అని ఈనాటికీ బాధపడుతున్నాను.

సంవత్సరాలు కలవకపోవడం గురించి మీరు అడిగినదానికి జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడినవారి సాక్ష్యాల గురించి చదివినప్పుడు దొరికింది. 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లో ఖైదీలు తిరగబడిన రోజును చెబుతూ ఒక స్త్రీ నాలుగు పొగగొట్టాలు పేలి మంటల్లో కూలాయన్నది. చరిత్రకారులు కూలింది ఒక్కటేనని, కనుక ఆమె సాక్ష్యం పనికిరాదని అన్నారు. ఆమెతో మాట్లాడిన మనోవైద్యుడు డోరీ లాబ్, తానూ చిన్నతనంలో శిబిరంలో గడిపినవాడు, దానికి ఒప్పుకోలేదు. పొగగొట్టాల సంఖ్య కన్నా, అక్కడ తిరుగుబాటు జరగడమన్న ఊహకందని సంగతికి ఆమె సాక్ష్యం చెబుతున్నదని ఆయన వాదించాడు. మా అవ్వ మూడు వానాకాలాలు కూడా అటువంటివే. క్యాంపు ఎన్నాళ్లున్నదో తెలియాలంటే కాగితాలు వెతకాలి, ఆ రోజులు ఆమె మీద ఎంత బరువుగా నడిచాయో తెలియాలంటే ఆమె చెప్పిన లెక్కే రాసుకోవాలి. రెండింటినీ పక్కపక్కనే ఉంచండి, ఒకదానితో మరొకదాన్ని చెరిపివేయకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆష్విట్జ్ నుంచి తిరిగివచ్చిన ఇటలీ రచయిత ప్రీమో లెవి, మాటిమాటికీ చెప్పిన జ్ఞాపకం గట్టిపడి ఒక మూసలోకి వెళ్లిపోతుందని, చివరికి అసలు జ్ఞాపకం స్థానంలో ఆ కథే నిలబడుతుందని హెచ్చరించాడు. మా ఊళ్లో పోరాటంలో పాల్గొన్న ఒక పెద్దాయన ప్రతి వర్ధంతి సభలోనూ అవే మాటలు, అదే వరుసలో చెప్పేవాడు. ఆయన అబద్ధం చెప్పాడని కాదు. అయితే సభలో చెప్పి చెప్పి ఆయన మాట నున్నగా అయింది, ఎన్నడూ చెప్పని అవ్వ మాట గరుకుగానే మిగిలింది. అందుకే మీ నాయనమ్మ మౌనం వల్ల మీ పుస్తకానికి నష్టమని నేను అనుకోవడం లేదు.

ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి "అప్పుడేం జరిగింది?" అని అడగడం మానండి. బియ్యం ఏరుతున్నప్పుడో, తమలపాకు నములుతున్నప్పుడో పక్కన కూర్చుని వస్తువుల గురించి అడగండి: గడికి ఏ పాత్రలో పాలు మోసేవారు, గింజలు ఎక్కడ దాచేవారు, రాత్రి దీపం ఆర్పేవారా, కుక్క మొరిగితే ఇంట్లో ఎవరు ముందు లేచేవారు. ఆమె ఆగితే మీరూ ఆగండి, ఆగిన చోట ఖాళీ వదిలి రాయండి. మాటను ఆమె యాసలోనే రాయండి. "పాలు మాయి కాకుండె" అన్నదాన్ని "పాల మీద మాకు హక్కు లేదు" అని మారిస్తే మిగిలేది ఏమీ ఉండదు. పోరాటంలో ఉన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" ముందుగా చదవండి. పేర్లు మాత్రం ఆమె అనుమతి లేకుండా అచ్చులో పెట్టకండి. కొట్టినవారి మనవలు, దెబ్బలు తిన్నవారి మనవలు ఇంకా అదే ఊళ్లో పక్క పక్క వీధుల్లో ఉంటారు.

మా అవ్వ చివరికి 1998లో సభ్యురాలయింది. వేలిముద్ర వేసే ముందు ఒక ప్రశ్న అడిగింది: "ఈ పుస్తకం రాత్రిపూట ఎవరి దగ్గరుంటది?" బీరువాలో ఉంటుందని, తాళం నా దగ్గరే ఉంటుందని చెప్పి బీరువా తెరిచి చూపించాను. తాళం ఒకసారి తానే వేసి చూసి, అప్పుడు వేలు సిరాలో ముంచింది. మీరు రాసుకుంటున్న నోటు పుస్తకం గురించి, ఫోన్‌లో నింపుకుంటున్న ఆమె గొంతు గురించి మీ నాయనమ్మ మనసులోనూ అదే ప్రశ్న ఉండవచ్చు. ఆమె అడగకముందే ఆ పుస్తకం ఎక్కడ ఉంచుతారో, ఎవరికి చూపిస్తారో ఆమెకు చెప్పండి.