పాత యూరప్ జాంబీ సినిమాల్లో రక్తం తప్ప చూడదగ్గది ఏమైనా ఉందా?

ఉంది. రక్తం కోసం చూసేవాళ్లు మొదటి అరగంటను ముందుకు జరిపేస్తారు. అసలు సరుకంతా అక్కడే ఉంటుంది.

స్పానిష్ దర్శకుడు హోర్హె గ్రావ్ 1974లో తీసిన 'ది లివింగ్ డెడ్ ఎట్ మాంచెస్టర్ మోర్గ్' చూడండి. ఇంగ్లండ్ పల్లెలో వ్యవసాయ శాఖవాళ్లు పొలంలో ఎర్రటి యంత్రం ఒకటి నడుపుతుంటారు. అది వదిలే తరంగాలకు పురుగులు పిచ్చెత్తి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ తరంగాలే శవాలనూ లేపుతాయి.

దీన్ని మా మేనమామ కొడుకుతో కలిసి చూశాను. వాళ్లది పత్తి వేసే కుటుంబం. యంత్రం పురుగుల మీదే పని చేస్తుందని, మనుషులకేమీ కాదని సిబ్బంది నచ్చజెబుతుంటే వాడు గబుక్కున లేచి కూర్చున్నాడు. "ఆపు బావా, ఆ ముక్క మళ్లీ పెట్టు" అన్నాడు. వాళ్ల చేలో మందు అమ్మడానికి వచ్చిన మనిషి కూడా ఆ మాటే అన్నాడట. అప్పటిదాకా శవాలు ఎప్పుడు లేస్తాయా అని చూసినవాడు, ఆ తర్వాత యంత్రం కనిపించిన ప్రతిసారీ బిగుసుకుపోయాడు. భయమంటే అదీ.

ఇంత ఉన్న సినిమాను వదిలేసి, అందరూ ఇటలీ దర్శకుడు లూచియో ఫుల్చీ 1979లో తీసిన 'జాంబీ'లో కంట్లో కట్టెపేడు దిగే ముక్కను, శవం సొరచేపతో కలబడే ముక్కను కత్తిరించి పంచుకుంటారు. అదే సినిమాలో ఊరి వీధుల్లో లేచే దుమ్ము గురించి ఒక్కరూ రాయరు. పెదవులకూ మాటలకూ పొంతన లేదని నవ్వేవాళ్లంటే నాకు మరీ కోపం. ఆ రోజుల్లో ఇటలీలో మాటలను చాలావరకు షూటింగ్ అయ్యాకే కలిపేవారు. నటులు తలా ఒక భాషవాళ్లు. దశాబ్దాలుగా అరువు గొంతుల కథానాయికలను చూస్తున్న మనకు ఇందులో నవ్వడానికి ఏముంది?

గ్రావ్ సినిమాలో నాకు నచ్చనిది కథానాయిక ఎడ్నా పాత్రను నడిపిన తీరు. శవాన్ని మొదట చూసింది ఆమె, నిజం చెప్పిందీ ఆమె. ఆమె వెంట ఉన్న కుర్రాడు జార్జ్ కూడా మొదట నమ్మడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ అయితే జార్జ్ జుట్టు, వేషం చూసే హత్యల నేరం వాళ్లిద్దరికీ అంటగడతాడు. అంత బలమైన పాత్రను రెండో సగంలో కేకలు పెట్టడానికే వాడుకోవడం అన్యాయం.