కాగితాల్లేని గిత్తకు పుట్టిన దూడకు రిజిస్ట్రేషన్ దొరుకుతుందా?

ప్రశ్న: నాకు రెండు ఒంగోలు ఆవులున్నాయి. ఊళ్లో బండలాగుడు పందేలకు తిప్పే గిత్తతో దాటించాను. దానికి కాగితాలేమీ లేవు. ఒక ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది (గర్భస్రావమైంది), మాయ పడకపోతే చేత్తో తీయించాం. రెండోది మూడుసార్లు దాటించినా చూడి కట్టలేదు. వేడి చేసిందని అందరూ అంటున్నారు. మందుల షాపులో ఖనిజ లవణ మిశ్రమం, ఒక సూది ఇచ్చారు. మళ్లీ అదే గిత్తతో దాటించవచ్చా? పుట్టే దూడ చెవికి పోగు వేయిస్తే ఒంగోలు జాతిగా రిజిస్టరయినట్టేనని, మంచి ధర వస్తుందని దళారి అంటున్నాడు. నిజమేనా? ఇంట్లో అయిదు నెలల పెయ్య దూడ కూడా ఉంది. – ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. దానికంటే ముందు చూడాల్సింది మరొకటి ఉంది. చూడి ఆరో నెల దాటాక ఈసుకుపోయి, మాయ కూడా పడలేదంటే మేం మొదట అనుమానించేది బ్రూసెల్లోసిస్‌ను, అంటే పశువులు ఈసుకుపోయేలా చేసే అంటువ్యాధిని. అది వేడి వల్ల వచ్చేది కాదు. చల్లటి దాణా పెడితే పోయేదీ కాదు. రెండు ఆవులకూ, వీలైతే ఆ గిత్తకూ రక్త పరీక్ష చేయించండి. మెడ నరం నుంచి తీసిన 5 మి.లీ. రక్తం చాలు. పశువైద్యశాలలో తీసి జిల్లా పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపుతారు. ఈసుకుపోయిన కొత్తల్లో పరీక్షలో ఒక్కోసారి దొరకదు. అందుకని మొదటిసారి లేదని వచ్చినా మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ చేయించండి.

ఈ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. మాయను చేత్తో తీసిందెవరో మీరు రాయలేదు. ఎవరైనా సరే, సాయంత్రం పూట వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, రాత్రిళ్లు చెమటలు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, ఇంట్లో ఆవు ఈసుకుపోయిన సంగతి తప్పకుండా చెప్పమనండి. అది చెప్పకపోతే మామూలు జ్వరం మందులిచ్చి పంపేస్తారు. పాలు పొంగేదాకా కాచాకే తాగండి, పచ్చిపాలు పిల్లలకు అసలు పట్టవద్దు. ఆవు పడుకున్న చోట ఉన్న గడ్డిని కాల్చేయండి. పశువులను బయటకు తోలి, గచ్చు మీద 10 లీటర్ల నీటికి 200 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి పోయండి. చేతులకు తొడుగులుండాలి. అరగంట తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. పిండాన్ని, మాయను పెంటకుప్ప మీద పారేసి ఉంటే కుక్కలు లాగకముందే తీసి, లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చండి.

పశువుల్లో దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. పరీక్షలో ఉందని తేలితే ఆ ఆవును విడిగా కట్టండి, సంతలో మాత్రం అమ్మకండి. మీకు తప్పిన నష్టం ఇంకో రైతు నెత్తిన పడుతుంది. లేదని తేలినా కనీసం 60 రోజులు దాన్ని దాటించకూడదు, ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించకూడదు.

రెండో ఆవు విషయం వేరు. మూడుసార్లూ అదే గిత్త. గిత్త వీర్యంలోనే లోపం ఉండవచ్చు, లేదా దాటినప్పుడు అంటుకునే ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్ లాంటివి ఉండవచ్చు. ఎద సమయం తప్పి ఉండటానికీ అవకాశం ఉంది. ఒంగోలు ఆవు ఎద పైకి అంతగా కనపడదు, ఎక్కువసేపు ఉండదు. తెల్లవారుజామున పడుకున్న ఆవు తోక కింద చూడండి. జారే జిగురు తీగ గుడ్డులోని తెల్లసొనలా తేటగా ఉంటే మంచి ఎద. ఉదయం కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు ఉదయం ఎద సూది వేయించాలి. తీగలో తెల్లటి చీము పలుకులుంటే ఆ ఎద వదిలేయండి, గర్భసంచికి వైద్యం చేయించి తర్వాతి ఎదకు చూడండి.

ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు పెట్టండి, తప్పులేదు. షాపువాడిచ్చిన ఆ సూది పేరు మాత్రం నాకు రాయండి. ఎదకు రప్పించడానికి వాడే ప్రోస్టాగ్లాండిన్ సూదిని చూడి ఉన్న ఆవుకు వేస్తే ఈసుకుపోతుంది. చేయి పెట్టి చూడి పరీక్ష చేయకుండా దాన్ని ఎవరూ వేయకూడదు, మందుల షాపులో కూర్చున్నవాడు అసలే వేయకూడదు. ఇలా ఈసుకుపోయిన ఆవులు మా దగ్గరికి ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఇక చెవిపోగు సంగతి. పోగు మీద ఉండే 12 అంకెలు పశువుకు గుర్తింపు మాత్రమే. జాతికి హామీ కావు. పోగు వేసేవారు జాతి గడిలో చూపును బట్టి రాస్తారు. తండ్రి ఎవరో ఆ పోగు చెప్పదు. జాతి రిజిస్ట్రేషన్ కోసం కేంద్ర ప్రభుత్వ హెర్డ్ రిజిస్ట్రేషన్ పథకం ఉంది, దాని యూనిట్ ఒకటి మీ ఒంగోలులోనే ఉంది. వాళ్లు జాతి లక్షణాలు చూస్తారు, ఆవు పాలు కొలిచి రాసుకుంటారు. మీ ఆవును తన పాల మీదే నమోదుకు చూపించుకోవచ్చు. దూడ తండ్రి దగ్గర మాత్రం మీ చేతిలో ఏ ఆధారమూ లేదు. గిత్త యజమాని ఒప్పుకుంటే డీఎన్ఏ పరీక్షతో తండ్రిని తేల్చవచ్చు. అయితే తండ్రి ఎవరో తేలుతుంది గానీ ఆ తండ్రి తల్లి ఎన్ని పాలిచ్చిందో తేలదు.

దళారి మీకు బ్రెజిల్‌లో కోట్లు పలికిన వియాటినా-19 అనే నెలోర్ ఆవు కథ కూడా చెప్పే ఉంటాడు. 2023లో వేలంలో అమ్మింది ఆ ఆవులో మూడో వంతు వాటా. ఆ ధర వెనక తరతరాల వంశావళి రికార్డులున్నాయి. అది మన ఒంగోలు పశువుల నుంచి వచ్చిన జాతే అయినా లెక్క రాసుకున్నది వాళ్లు.

అందుకే ఈసారి గ్రేడింగ్ ఉన్న వీర్య కేంద్రం ఒంగోలు స్ట్రాతో (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నటి గొట్టం) ఎద సూది వేయించండి. ఆ కేంద్రాల్లో ఆబోతులకు క్షయ, జోన్స్ (పేగులకు వచ్చే దీర్ఘకాలిక జబ్బు), బ్రూసెల్లోసిస్ పరీక్షలు ఎప్పటికప్పుడు జరుగుతాయి. స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి తీశారో లేదో దగ్గరుండి చూడండి. దాని మీద ఆబోతు నంబరు ఉంటుంది. ఖాళీ స్ట్రాను పారేయకుండా దాచుకుని, ఆ నంబరును ఆవు చెవిపోగు నంబరు కింద భారత్ పశుధన్‌లో (ప్రభుత్వ పశువుల ఆన్‌లైన్ రికార్డు) ఎక్కించమనండి. ఈనాక దూడకు పోగు వేసి తల్లికి జత చేయిస్తే తండ్రి గడి ఖాళీగా ఉండదు.

మీకు కావలసింది పందేలకు పనికొచ్చే కోడె అయితే ఆ గిత్త మీద మోజు నాకు అర్థమవుతుంది. అప్పుడైనా బ్రూసెల్లా పరీక్ష కాగితం చూపించమని యజమానిని అడగండి. చూపించనంటే ఆ గిత్త జోలికి వెళ్లకండి. ఊరంతటికీ ఒకే గిత్తను మూడేళ్లకు మించి ఉంచడం కూడా తప్పే, దాని కూతుళ్లు దాని దగ్గరికే వస్తాయి.

ఇంట్లో ఉన్న పెయ్య దూడను మాత్రం మర్చిపోవద్దు. బ్రూసెల్లా ఎస్-19 టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకే వేస్తారు, 2 మి.లీ. చర్మం కింద, జీవితంలో ఒక్కసారి. కోడెలకు, చూడి పశువులకు వేయరు. ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. మీ దూడకు ఇప్పుడు అయిదు నెలలు, ఈ వారంలోనే పశువైద్యశాలలో పేరు రాయించండి.